ముదురు నీలమా, గంధం రంగా: గోడ మీదే తేల్చుకున్న తీరు

ఒంగోలులో మా 10×12 గదికి కిటికీ పడమటి వైపు. షేడ్ కార్డులో చక్కగా కుదిరిన రెండు రంగులూ గోడ మీద తేడా కొట్టాయి. నీలం రాత్రి నల్లగా, గంధం సాయంత్రం పసుపుపచ్చగా కనబడ్డాయి.

ఒక కారణం, నమూనాలు నేరుగా లప్పం (గోడను నునుపు చేసే పుట్టీ) మీద, పక్కపక్కనే పడ్డాయి. లప్పం రంగును పీల్చేసి మరకలు తేలుస్తుంది. నీలం పక్కన గంధం ఉన్నదానికంటే పసుపుగా అనిపిస్తుంది. అందుకే 2×2 అడుగుల అట్టలు రెండింటికి తెల్ల ప్రైమర్ కొట్టి, నాలుగేసి గంటల తేడాతో రెండేసి కోట్లు వేశాను. మర్నాటిదాకా చూడకూడదు, ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) ఆరాక కాస్త ముదురుతుంది. విడివిడిగా ఒక్కో గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడాలి.

కిటికీ ఉన్న గోడ మీద వెలుగు పడదు, అక్కడ నీలం చచ్చిపోయింది. ఎదురు గోడ మీద నిండుగా నిలిచింది. పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు తీసి, అంతకంటే తెల్లగా వెలిగే 4000ది పెడితే రాత్రి కూడా నీలం నీలంగానే ఉంది. గంధం ఒక మెట్టు లేతది తీసుకున్నాం.

రెండు రంగులు కలిసే మూలలో ముందు గంధం వేసి, బాగా ఆరాక మాస్కింగ్ టేపు అంటించి, టేపు అంచు మీద మళ్లీ గంధమే పల్చగా పూయాలి. అది ఆరాకే నీలం. ఆఖరి కోటు తడిగా ఉండగానే టేపు లాగేస్తే గీత తెగినట్టు వస్తుంది.

చెమ్మ గోడకు మాత్రం ముదురు రంగు వద్దే వద్దు. ఉప్పు పూస్తే తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.