మారథాన్‌లో లీడ్ కోసం పోటీపడే ముందు జాగ్రత్తలు

42.195 కిలోమీటర్లు గెలవడానికే పరిగెత్తేవాళ్లు ముందు రోజే ఇవి చూసుకోండి.

- కొత్త షూ ఆ రోజు అస్సలు వద్దు. రోడ్డు పోటీల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధన కూడా ఉంది.

- లేసులు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపండి.

- గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్లు అందేలా జెల్స్ (పరుగులో మింగే చిక్కటి చక్కెర ద్రవం ప్యాకెట్లు) పెట్టుకోండి. ప్రాక్టీస్‌లో కడుపుకు పడినవే తీసుకోండి. నీళ్లు మరీ ఎక్కువ తాగినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం.

- అసలు చిక్కు వేగంతోనే. గన్ పేలగానే ఎవరో ఒకరు దూసుకెళ్తారు. వెంటపడకండి. 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్, అడుగంటుతుంది, తొందరపడ్డవాళ్ల కాళ్లు అక్కడే బరువెక్కుతాయి. అప్పటిదాకా గుంపులోనే ఉండండి. ఎదురుగాలి ఉంటే ఒకరి వెనక దాక్కుని పరిగెత్తండి. పక్కవాళ్ల భుజాలు బిగుసుకుంటున్నాయా, అడుగుల చప్పుడు పెరుగుతోందా గమనించండి. అలా కనిపిస్తే ఒక్కసారిగా, గట్టిగా దాటండి. మెల్లగా దాటితే మీ వెనకే అతుక్కుపోతారు.

- మలుపుల ముందు లోపలి అంచుకు చేరండి. పోటీ దారిని కొలిచేది అతి దగ్గర గీతలోనే, బయటి అంచున వెళ్తే ఎక్కువ దూరం పరిగెత్తినట్టే.

- ఈ వారం జ్వరం వచ్చిందా? పోటీ మానేయండి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, లీడ్‌లో ఉన్నా సరే, వెంటనే ఆగి మెడికల్ టీమ్‌ను పిలవండి.