పిల్లలతో టెంటులో రాత్రి ఉండబోతున్నారా? సామాను సర్దేటప్పుడే ఈ జాగ్రత్తలు

క్రిస్మస్ సెలవులు, వెనకాలే సంక్రాంతి సెలవులు. బెజవాడ, గుంటూరు నుంచి పిల్లల్ని వేసుకుని కార్లు మారేడుమిల్లి అడవుల వైపో సూర్యలంక బీచ్ వైపో బయల్దేరే రోజులివి. హోటల్లో అయితే మర్చిపోయిన వస్తువు కింద కొట్లో దొరుకుతుంది, తలుపు గడియ వేస్తే పిల్లాడు గదిలోనే ఉంటాడు. టెంటుకి గడియ ఉండదు, పక్కన కొట్టూ ఉండదు. కాబట్టి ఐదారేళ్లలోపు పిల్లలుంటే రెండు విషయాలు ఇంట్లోనే తేల్చుకోండి. ఏ వస్తువైనా చీకట్లో చేయి పెట్టి తీయగలగాలి. ఏ పిల్లాడు ఎవరి కనుసన్నల్లో ఉన్నాడో అడగ్గానే చెప్పగలగాలి.

అందరి బట్టలూ ఒకే పెద్ద సూట్‌కేసులో కుక్కకండి. అర్ధరాత్రి పిల్ల పక్క తడిపితే, ఒక్క లాగు కోసం సూట్‌కేసంతా టెంటులో పరుచుకోవాల్సి వస్తుంది. అప్పటికి రెండోవాడు కూడా లేచి ఏడుస్తుంటాడు. బెజవాడ బీసెంట్ రోడ్డులో దొరికే జిప్ కవర్లు తెచ్చుకుని, ఒక్కో పిల్లకి ఒక్కో రోజు బట్టలు లోదుస్తులు, సాక్సులతో సహా ఒక్కో కవరులో పెట్టండి. పైన పేరు, రోజు రాయండి. రాత్రి బట్టల కవరు విడిగా ఉండాలి, ఒక జత ఎక్కువే పెట్టండి. తడిసినవి వేయడానికి ఖాళీ కవర్లు కొన్ని. స్వెట్టరు, కోతిటోపీ, మందపు దుప్పటి తప్పనిసరి. ఏజెన్సీ చలికి మన ఊళ్లో కప్పుకునే పల్చటి దుప్పటి ఆగదు.

ఇవి కాక ఒక చిన్న సంచి వేరే పెట్టుకోండి. అందులో టార్చిలైటు, మందులు, తడి తుడుపు కాగితాలు, మంచినీళ్ల సీసా, డైపర్లు ఉండాలి. అది ఎప్పుడూ టెంటు గుమ్మానికి కుడివైపే. పిల్లలకి కూడా తలా ఒక చిన్న టార్చి, ఒక ఈల ఇవ్వండి. దారి తప్పితే కదలకుండా అక్కడే నిలబడి ఈల ఊదమని ఇంటి దగ్గరే ఆటలా నేర్పండి. మీ ఫోన్ నంబరు చొక్కా లోపలివైపు రాయండి. ఘాట్‌లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, క్యాంపు వాళ్ల నంబర్లు, దారి వివరాలు కాగితం మీద కూడా ఉండాలి.

మందుల విషయంలో బద్ధకం వద్దు. జ్వరం సిరప్ డోసు పిల్ల బరువును బట్టి మారుతుంది. మీ పిల్లల డాక్టరుతో రాయించుకుని ఆ చీటీని సీసాకే అంటించండి. ఘాట్ రోడ్డులో వాంతులకి ఏమివ్వాలో కూడా అప్పుడే అడగండి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టు అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసుకి చిటికెడు చొప్పున వేస్తే పాళ్లు తప్పుతాయి. కొలతకి లీటరు సీసా ఒకటి ఉంచుకోండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

బెజవాడ నుంచి రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 240 కిలోమీటర్లు. డిసెంబరులో అక్కడ ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. తెల్లవారుజామునే బయల్దేరి, మూడింటికల్లా టెంటు దగ్గర ఉండేట్టు చూసుకోండి. అనుమతి ఉన్న క్యాంపుల్లోనే దిగండి, వాగు ఒడ్డున ఎంత బాగున్నా టెంటు వేయొద్దు. వెలుగుండగానే పిల్లల్ని చేయి పట్టుకుని టెంటు నుంచి బాత్రూముకి నడిపించి, మళ్లీ వెనక్కి వాళ్లనే దారి చూపించమనండి. టెంటు తాళ్లకి తెల్లగుడ్డ పీలికలు కట్టండి, పరుగెత్తే పిల్లలు తట్టుకుని పడేది ఆ తాళ్లకే. జిప్పు మూసేటప్పుడు లాగుడు బిళ్లలు రెండూ పైకి, పిల్లాడి చేతికి అందనంత ఎత్తుకి తెచ్చి ఆపండి. కింద వదిలేస్తే మూడేళ్లవాడు నిద్రలో లేచి చప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోగలడు.

వంట దగ్గర ఒక ఉపాయం చెబుతాను. పొయ్యి చుట్టూ నాలుగడుగుల దూరంలో ముగ్గుతో గుండ్రంగా గీత గీయండి. గీత దాటకూడదంటే చిన్నపిల్లలకి అర్థమవుతుంది, ఒట్టి "దగ్గరికి రాకు" అంటే ఎంత దూరమో తెలియదు. బియ్యప్పిండి వాడితే చీమలు పడతాయి, రాతిముగ్గు చాలు. మొదటిపూటకి పులిహోర, జంతికలు ఇంటి నుంచే తీసుకెళ్లండి, దిగగానే పొయ్యి వెలిగించే పని ఉండదు. చలిగా ఉందని బొగ్గుల కుంపటిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ టెంటులోకి తేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం నీళ్ల దగ్గర. పెద్దవాళ్లు ఆరుగురున్నా "ఎవరో చూస్తున్నార్లే" అనుకుంటే ఎవరూ చూడనట్టే. ఒక ఎర్ర తువ్వాలు పెట్టుకోండి. అది ఎవరి భుజం మీద ఉంటే పిల్లల బాధ్యత వాళ్లది, ఫోన్ ముట్టుకోకూడదు. లేవాల్సొస్తే "వదినా, ఇక నువ్వు చూడు" అని తువ్వాలు చేతికిచ్చి, ఆమె సరేనన్నాకే లేవాలి. నీళ్లలో దిగితే చేయి చాస్తే అందేంత దూరంలోనే పిల్లాడు ఉండాలి. బోటు ఎక్కితే, అది భవానీ ద్వీపానికి వెళ్లే పది నిమిషాల బోటైనా సరే, పిల్ల సైజు లైఫ్ జాకెట్ బెల్టులు బిగించాకే కాలు పెట్టండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. మనం రోజూ చూసే కృష్ణమ్మలోనే.

పొద్దున్నే బూట్లు దులిపి తొడగండి. పాము కరిస్తే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి పిల్లాణ్ని ఎత్తుకునే తీసుకెళ్లండి, 108కి చెయ్యండి. మారేడుమిల్లి వైపు వెళ్తుంటే రంపచోడవరంలో ఏరియా ఆస్పత్రి ఉందని గుర్తుపెట్టుకోండి. దోమతెర, నిండు చేతుల చొక్కాలు మర్చిపోవద్దు, అది మలేరియా ఉన్న ప్రాంతం. పిల్లల్ని గడ్డిలో పడుకోనివ్వకండి, పట్టా పరవండి. గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు.

ఇంటికొచ్చి స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక పురుగు కుట్టిన గుర్తులున్నాయేమో చూడండి. తర్వాత మూడు నాలుగు వారాల్లో జ్వరం వచ్చినా, ఒంటి మీద కాలినట్టు నల్లటి పెచ్చు కనిపించినా, మామూలు జ్వరమేలే అని ఇంట్లో మందు వేసి ఆగొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఫలానా తేదీల్లో ఏజెన్సీలో టెంటులో ఉన్నామని మొదటి మాటగా చెప్పండి.