నంబర్ సిరీస్ లెక్కలు ఎలా చేయాలి? పెద్ద సంఖ్యల వైపు నుంచి రండి

బ్యాంకు ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ క్లర్క్, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షల ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశలో, లెక్కల విభాగానికి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. ఒక్కోదానికి సుమారు 34 సెకన్లు పడతాయి. తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత. నంబర్ సిరీస్ అంటే ఒక రూలు ప్రకారం సాగే సంఖ్యల వరుస; తర్వాతి సంఖ్యనో, తప్పు సంఖ్యనో కనుక్కోమంటారు. ఇంత తక్కువ టైమ్‌లో సిరీస్‌ని చూస్తూ కూర్చుంటే ఏమీ తట్టదు. చేతికి పని చెప్పాలి, అదీ ఒక వరుసలో.

ముందు కంఠతా రావాల్సినవి: 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యలు. ఇవి రాకుండా షార్ట్‌కట్‌లు నేర్చుకోవడం దండగ.

1. సంఖ్యలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూడండి

పెన్ను పెట్టకముందే చివరి రెండు సంఖ్యల్ని పోల్చండి. పెద్దది చిన్నదానికి రెట్టింపు కూడా లేకపోతే ముందు తేడాలు తీయండి. మూడు, నాలుగు, ఐదు రెట్లు ఉంటే గుణకారం. ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంటే రెండు సిరీస్‌లు కలిపి ఇచ్చారేమో చూడాలి.

2. తేడాలు, వాటి తేడాలు

4, 9, 20, 40, 72, ?

తేడాలు 5, 11, 20, 32. ఇందులో ఏమీ కనిపించదు, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఇంకో వరుస కిందికి దిగండి: 6, 9, 12. తర్వాతది 15. ఇప్పుడు పైకి ఎక్కండి: 32 + 15 = 47, 72 + 47 = 119. తొందరలో జరిగే తప్పు ఏంటంటే, 15ని తీసుకెళ్లి నేరుగా 72కి కలిపి 87 పెట్టేయడం. ఎన్ని వరుసలు దిగారో అన్ని వరుసలూ ఎక్కాలి.

రెండో వరుసలోనూ దారి దొరక్కపోతే వర్గాలు, ఘనాలతో పోల్చి చూడండి. 0, 6, 24, 60, 120 అనేది 1 – 1, 8 – 2, 27 – 3, 64 – 4, 125 – 5. తర్వాతది 216 – 6 = 210.

3. గుణకారం అనిపిస్తే కుడి నుంచి ఎడమకి

6, 7, 16, 51, 208, ?

ఎడమ నుంచి మొదలుపెడితే 6 నుంచి 7కి ఎలా వచ్చిందో వంద రకాలుగా చెప్పొచ్చు. సంఖ్యలు చిన్నవిగా ఉన్నచోట ఏ రూలైనా అతుకుతుంది. పెద్ద సంఖ్యల దగ్గర అలా కుదరదు. 208ని 51తో భాగిస్తే 4 సార్లు పోయి 4 మిగులుతుంది. 51ని 16తో భాగిస్తే 3 సార్లు, శేషం 3. 16ని 7తో భాగిస్తే 2 సార్లు, శేషం 2. రూలు దొరికినట్టే: ×1+1, ×2+2, ×3+3, ×4+4. తర్వాతది 208 × 5 + 5 = 1045. ఆప్షన్లలో 5తో అంతమయ్యేది ఒక్కటే ఉంటే గుణకారం పూర్తిగా చేయనక్కర్లేదు కూడా.

అర గుణకాల్ని పట్టడం ఇంకా సులువు. 48, 24, 24, 36, 72 చూడండి. తగ్గింది, ఆగింది, మళ్లీ పెరిగింది. ఈ తీరు కనిపిస్తే ×0.5, ×1, ×1.5, ×2 ఉందేమో చూడండి. ఇక్కడ తర్వాతది ×2.5, జవాబు 180.

4. రెండు సిరీస్‌లు కలిసి ఉంటే

3, 40, 6, 36, 12, 32, 24, ? లో ఒకటి వదిలి ఒకటి చదవండి. 3, 6, 12, 24 ఒకటి. 40, 36, 32 ఇంకొకటి. జవాబు 28. ఏడెనిమిది సంఖ్యలిచ్చారంటేనే ఈ అనుమానం రావాలి.

5. మూడు సంఖ్యలతో తీర్పు చెప్పొద్దు

2, 3, 5 తర్వాత 7 రావొచ్చు, అవి ప్రధాన సంఖ్యలైతే. ముందు రెండూ కలిపితే వచ్చేదైతే 8. కనీసం మూడు అడుగుల్లో నిలిచిందే రూలు.

6. తప్పు సంఖ్య కనుక్కోమంటే

5, 11, 23, 47, 93, 191, 383

తేడాలు 6, 12, 24, 46, 98, 192. రెట్టింపు అవుతూ పోవాలి. 48కి బదులు 46, 96కి బదులు 98 ఉన్నాయి. మధ్యలో ఒక్క సంఖ్య తప్పితే పక్కపక్కనున్న రెండు తేడాలు చెడతాయి, ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్నదే దొంగ: 93. దాని చోట ఉండాల్సింది 95, అదీ ఆప్షన్లలో కనిపిస్తుంది. అడిగింది తప్పు సంఖ్యనా, దాని చోట రావాల్సిన సంఖ్యనా అన్నది ప్రశ్నలో మళ్లీ చదివాకే గుర్తు పెట్టండి.

మొదటి సంఖ్యే తప్పయితే ఒక్క తేడానే చెడుతుంది. 7, 11, 17, 26, 38, 53 లో తేడాలు 4, 6, 9, 12, 15. ఎడమ నుంచి వెళ్లినవాళ్లు 4, 6 పట్టుకుని 8 కోసం వెతుకుతారు. కుడి నుంచి వస్తే 15, 12, 9, 6 తర్వాత 3 రావాలని వెంటనే తెలుస్తుంది. 7 తప్పు, 8 ఉండాలి.

చేసి చూడండి:
- 9, 19, 40, 83, ?
- 3, 4, 10, 34, 136, 685 లో తప్పు సంఖ్య ఏది?

మొదటిదానికి జవాబు 170 (×2+1, ×2+2, ×2+3, ×2+4). రెండోదానికి 34, ఉండాల్సింది 33. 34 × 4 సరిగ్గా 136 అవుతుంది కాబట్టి కన్ను అక్కడే ఆగిపోతుంది. 685ని 136తో భాగించి మొదలుపెడితే ఆ ఉచ్చులో పడరు.