పైపు దండెం: మూడు వరసల బట్టల స్టాండు ఇంట్లోనే

చీర ఆరేసే స్టాండు కొలతలు చీర నుంచే మొదలవ్వాలి. చీర పన్నా దాదాపు 45 అంగుళాలు. నాలుగడుగుల పైపు రెండు చివర్లూ టీలలోకి (మూడు నోళ్లుండే పైపు జాయింట్లలోకి) దిగాక బయట 46 అంగుళాలు మిగులుతుంది, పన్నా నలగకుండా పరుచుకుంటుంది. పొడవు అయిదున్నర మీటర్లంటే పద్దెనిమిది అడుగులు. మూడు దండేల మీదుగా, ఒక్కోదానికి అటు మూడడుగులు ఇటు మూడడుగులు వేలాడేలా వేస్తే చీర మొత్తం అందులోనే సరిపోతుంది. స్టాండు ఎత్తు నాలుగున్నర అడుగులు కాబట్టి అంచు నేలకు తగలదు.

పైపు విషయంలో రాజీ పడొద్దు. కావలసింది అంగుళం సైజు తెల్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు, షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే గుర్తు). ముప్పావు అంగుళం పైపు చవకే, కానీ అదే బరువుకు రెండింతలకు పైగా వంగుతుంది. కరెంటు వైర్లు లాగే పైపు గోడ పలచన, దీనికి పనికిరాదు. పొలం బూడిదరంగు పైపులు మిల్లీమీటర్ల లెక్కలో వస్తాయి, వేడినీళ్ల మీగడ రంగు సీపీవీసీకి బయటి కొలత వేరు. ఈ రెండూ యూపీవీసీ టీలలో కూర్చోవు. దండెం పొడవు ఆరడుగులు చేద్దామనిపిస్తుంది, చేయకండి. అదే బరువుకు వంపు మూడు రెట్లు దాటుతుంది.

మూలల్లో మూడు వైపులా పైపు దిగే ఎల్బో (మూల తిరిగే జాయింటు) కోసం వెతకడం దండగ. మామూలు ప్లంబింగ్ షాపుల్లో అది సాధారణంగా ఉండదు. అందుకే ఈ స్టాండు మామూలు ఎల్బోలు, టీలతోనే నడుస్తుంది: పక్కల రెండు ఫ్రేములు, వాటిని కలుపుతూ అయిదు దండేలు. 8 ఎల్బోలు, 10 టీలు కొనండి. అన్నీ ప్లెయినే, మరలున్నవి వద్దు. 3 మీటర్ల పైపులు 5, యూపీవీసీ సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) చిన్న డబ్బా, అరంగుళం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు 10. మామూలు ఇనుప స్క్రూ పెడితే తడి బట్టకు తుప్పు మరక పడుతుంది, అది పోదు.

పైపుల్ని ఇలా కోస్తే వృథా తక్కువ. మొదటి రెండింటిలో ఒక్కోదానికి 48 అంగుళాల దండేలు రెండు, 10 అంగుళాల ముక్కలు రెండు. మూడోదానిలో 48 ఒకటి, 40 ఒకటి, మిగిలింది పక్కన పెట్టండి. నాలుగోదానిలో 40 రెండు, 5 అంగుళాలవి రెండు, మిగిలింది పక్కన. అయిదోదానిలో 40 ఒకటి, 5 అంగుళాలవి ఆరు. కోత నిట్టనిలువుగా రావాలంటే పైపు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచులు ఒకదానిమీద ఒకటి కలిసేలా సర్ది, ఆ అంచు వెంట గీత గీయండి. హాక్సా బ్లేడుతో పైపును కొద్దికొద్దిగా తిప్పుతూ కోయాలి. కోసిన అంచు బొడిపెల్ని చాకుతో గీకి, ఎమరీ కాగితం పట్టండి. బొడిపె ఉంటే లోపలికి దిగేటప్పుడు సొల్యూషన్‌ని ముందుకు నెట్టేస్తుంది, కీలు సగమే అతుకుతుంది.

పక్కన పెట్టిన ముక్కల్లోంచి కింది అడ్డపైపులు వస్తాయి, కానీ వాటిని ఇప్పుడే కోయకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. టీ లోపలి గూడు లోనికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పొడిగా తోస్తే పైపు మూడింట రెండొంతులు పోయి బిగుసుకుంటుంది, సొల్యూషన్ పూశాక చివరిదాకా జారుతుంది. ఒక్కో ఫ్రేము పై వరసలో ఇలాంటి కీళ్లు ఎనిమిది, కింద రెండే. పొడి అమరికలో కొలిచి కింది పైపు కోస్తే, అతికించాక పైభాగం రెండు అంగుళాల దాకా కురచైపోయి ఫ్రేము వంకర తిరుగుతుంది.

కాబట్టి ముందు పై వరస: ఎల్బో, 5, టీ, 5, టీ, 5, టీ, 5, ఎల్బో. నేలమీద పరిచి, ఎల్బోల నోళ్లు రెండూ ఒకే వైపు నేలకు ఆనుకుని, టీల నోళ్లు మూడూ కప్పు వైపు చూసేలా అతికించండి. సొల్యూషన్ రెండువైపులా పూసి, పైపు తోసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. వెంటనే వదిలితే పైపు మెల్లగా వెనక్కి వస్తుంది. టీ నోరు సరిగ్గా నిలువుగా ఉందో లేదో కంటికి తెలియదు, అందులో ఒక పైపు నిలబెట్టి దూరం నుంచి చూడండి. సరిదిద్దుకునే వ్యవధి కొన్ని సెకన్లే. ఈ పని గాలాడే చోట, పొయ్యికి దూరంగా చేయండి. సొల్యూషన్ ఆవిరికి మంట అంటుకుంటుంది.

తర్వాత కాళ్లు: ఒక్కో ఎల్బోలో 40 అంగుళాల ముక్క, దాని చివర టీ (నోరు మళ్లీ కప్పు వైపే), దానికి 10 అంగుళాల ముక్క. ఇప్పుడు పై రెండు ఎల్బోల మధ్య ఖాళీని కొలిచి, దానికి రెండు గూళ్ల లోతు కలిపి కింది పైపు కోయండి. ఇంచుమించు 24 అంగుళాలు వస్తుంది. దానికి ఎల్బోలు అతికించి, ఇద్దరు చెరో కాలూ పట్టుకుని ఒకేసారి తోయాలి. ఫ్రేమును నేలమీద చదునుగా ఉంచి ఆరనిస్తేనే స్టాండు నాలుగు మూలలా ఆనుతుంది. రెండో ఫ్రేమూ ఇంతే. ఒక రోజు కదపకండి.

అయిదు దండేలకు మాత్రం సొల్యూషన్ వద్దు. అయిదు కీళ్లకు పూసి ఒకేసారి కూర్చోబెట్టేలోపు మొదటిది ఆరిపోతుంది. ప్రతి దండెం రెండు చివరలా 20 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి, రబ్బరు సుత్తితో గీతదాకా దించండి. మూడు పైన, రెండు కింద. కింది రెండూ స్టాండు పక్కకు ఊగకుండా ఆపుతాయి, సాక్సులూ తువ్వాళ్లూ వాటిమీదే ఆరతాయి. టీ అడుగువైపు నుంచి 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి స్క్రూ బిగిస్తే, ఇల్లు మారేటప్పుడు విప్పి కట్టకట్టుకోవచ్చు.

బరువు కోసం కింది పైపుల్లో ఇసుక పోయమంటారు. ఒక్కో పైపులో పట్టేది అరకిలో, దానికి గాలి ఆగదు. బాల్కనీలో అయితే పై వరసను రెయిలింగుకు తాడుతో కట్టేయడమే మేలు. జీన్సు ప్యాంట్లు, దుప్పట్లు దండెం మధ్యలో కాక చివరలకు వేయండి. ఎండవేళ తడి బరువును రోజంతా వదిలేస్తే పైపు వంగిన చోటే ఉండిపోతుంది. అలా వంగినది కనబడితే స్క్రూ తీసి, దండేన్ని సగం చుట్టు తిప్పి, వంపు పైకి వచ్చేలా కొత్త రంధ్రంలో బిగించండి. నేరుగా ఎండ తగిలే చోట తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు వేస్తే పైపు త్వరగా పచ్చబడి పెళుసెక్కదు. ముదురు రంగు వేస్తే వేడి పట్టి ఇంకా వంగుతుంది.