రెడ్ లైన్ క్లబ్ కారు కొనే ముందు జాగ్రత్తలు

బొమ్మ కార్లు చేసే హాట్ వీల్స్ వాళ్ల కలెక్టర్ల క్లబ్ ఇది. ఇందులో కార్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ.

- సభ్యత్వం గడువు చూసుకోండి. ఏటా రెన్యూవల్ ఉంటుంది.

- అమ్మకం టైమ్ అమెరికా పసిఫిక్ టైమ్ లెక్కలో ఇస్తారు. అక్కడ ఉదయం 9 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. నవంబరులో వాళ్ల గడియారం మారిన వారం నేను గంట ముందే కూర్చుని ఊరికే టెన్షన్ పడ్డాను.

- అడ్రస్, కార్డు వివరాలు ముందే సేవ్ చేయండి.

- సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ఫొటో జూమ్ చేయండి. స్పెక్ట్రాఫ్లేమ్ అనే మెరుపు పెయింటైతే రంగు పల్చగా ఉండి, కింద లోహం తళుక్కుమనాలి. చక్రాలు రియల్ రైడర్స్ అని ఉంటే టైర్లు రబ్బరువే అవ్వాలి. నంబరు వేసిన ఎడిషనైతే ఆ నంబరు ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, బేరమాడొద్దు.

- కొన్న కారు పెట్టడానికి ఎండ పడే షెల్ఫ్ వద్దు.