వెన్ను మీద తిత్తితో పుట్టిన బిడ్డ: ఆపరేషన్ ఎప్పుడు, మొక్కు ఎప్పుడు

వెన్నెముక పూర్తిగా మూసుకోక, నడుము మీద పల్చటి పొర కప్పిన తిత్తితో పుట్టే బిడ్డలుంటారు. ఈ లోపాన్ని స్పైనా బిఫిడా అంటారు. తిత్తిలోకి నరాలు కూడా వచ్చేస్తే అది మెనింగోమైలోసీల్. అలాంటి బిడ్డ పుట్టగానే లోపల డాక్టరు సర్జన్ దగ్గరికి పంపాలంటాడు. బయట ఒకరు ముడుపు కడుతుంటారు, ఇంకొకరు అమావాస్య వెళ్ళాక చూద్దామంటారు. దేవుణ్ణీ డాక్టర్నీ ఇద్దరినీ నమ్ముకోవచ్చు. అయితే మొక్కుకు గడువు పెంచుకోవచ్చు, ఈ ఆపరేషన్‌కు పెంచుకోలేం. ఈ తేడా ఇంట్లో అందరికీ మొదటి రోజే తెలియాలి.

మొదటి గంటలు

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకండి. బోర్లా గానీ పక్కకు గానీ ఉంచాలి. తిత్తి మీద నార్మల్ సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజ్ గుడ్డ వేసి, పైన శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కప్పుతారు. ఆ గుడ్డ ఆరిపోతే పొరకు అంటుకుని, తీసేటప్పుడు చింపేస్తుంది, అందుకే దాన్ని మళ్ళీ మళ్ళీ తడుపుతుండాలి. ఇంట్లో ఉప్పునీళ్ళు కలిపి వాడకూడదు. పసుపు, పసరు, విభూతి, పౌడరు, స్పిరిట్, అయోడిన్ మందు ఏదీ తిత్తికి తగలకూడదు. కింద ఉన్నది చర్మం కాదు, నరాలు. మలం పైకి పాకకుండా తిత్తికి కింది వైపు ఒక ప్లాస్టిక్ ముక్కను అడ్డంగా అతికించమని నర్సును అడగండి. డైపరును తిత్తి మీదికి కట్టకూడదు.

ఈ పిల్లలకు లేటెక్స్ రబ్బరుతో అలర్జీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. లేటెక్స్ లేని గ్లవ్సే వాడమని తొలిరోజు నుంచే చెప్పండి. పెద్దయ్యాక కూడా జాతరలో కొనే బుడగలు ఈ బిడ్డ చేతికి ఇవ్వొద్దు.

తిత్తి నుంచి నీరు కారుతున్నా, పైన పొర మాత్రమే ఉన్నా, ఆపరేషన్ మొదటి 48 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు జరగాలి. ఆ తర్వాత గడిచే ప్రతి రోజూ సూక్ష్మక్రిములు వెన్నులోంచి మెదడుదాకా ఎక్కే ప్రమాదం పెరుగుతుంది. తిత్తి మీద మామూలు చర్మం పూర్తిగా కప్పి ఉంటే ఇంత తొందర ఉండదు, ఎప్పుడు చేయాలో సర్జన్ చెబుతాడు. ముహూర్తం గురించి పట్టుబట్టే పెద్దవాళ్ళుంటే, వాళ్ళు గౌరవించే పంతులుగారితోనే మాట్లాడించండి. "ఆతురే నియమో నాస్తి" అన్న మాట ఆయనకు తెలిసే ఉంటుంది. ఆపదలో ఉన్నవారికి నియమాలు వర్తించవని దాని అర్థం. పురుడు కూడా అంతే. పది రోజుల మైల పేరుతో తల్లిని బిడ్డ దగ్గరికి వెళ్ళనివ్వకపోతే ఆ పది రోజులూ తల్లిపాలు అందవు. గాయం మానడానికి ఆ పాలు కావాలి.

ఊరు మారాల్సి వస్తే 108లో బిడ్డను పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్ళండి. వెచ్చగా ఉంచాలి కానీ వేడినీళ్ళ సీసాలు కాళ్ళ దగ్గర పెట్టకండి. ఆ కాళ్ళకు స్పర్శ లేకపోవచ్చు, కాలినా బిడ్డ ఏడవదు. ఖర్చు కోసం తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో అడగండి. కార్డు ఇంట్లో ఉండిపోయిందని ఆగొద్దు. ముందు బిడ్డను చేర్పించి కార్డును వెనకాల తెప్పించుకోండి.

ఐసీయూ దగ్గర చేసుకోగలిగినవి

చెవిలో అజాన్ చెప్పాలన్నా, పేరు పిలవాలన్నా, పాస్టరుగారు ప్రార్థన చేయాలన్నా నర్సుకు ముందుగా చెబితే చాలాచోట్ల ఒకరిని పంపుతారు. ఉంగరాలు, గడియారం తీసి మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని వెళ్ళాలి. దగ్గు, జలుబు ఉన్నవారు వెళ్ళకూడదు. తీర్థమైనా, జమ్‌జమ్ నీళ్ళైనా, ప్రార్థించిన నూనైనా ఒక్క చుక్క వేలితో నుదుటికి రాయండి. నోట్లో వేయకండి. తేనె ఏడాది నిండేదాకా అసలే వద్దు. అందులో ఉండే బొట్యులిజం క్రిమి పసిపిల్లల కండరాలను చచ్చుబరుస్తుంది. ఇప్పటికే కాళ్ళు బలహీనంగా ఉన్న బిడ్డలో ఆ లక్షణాన్ని ఎవరూ పోల్చుకోలేరు.

తాయెత్తును బిడ్డకు కట్టకుండా మంచం కమ్మీకి కట్టండి. మెడలో తాడు ఊపిరికి ప్రమాదం. మొలతాడు వెన్ను కుట్ల మీద ఒరుసుకుంటుంది. కాలికి నల్లదారం కడితే వాచినప్పుడు చర్మంలోకి దిగుతుంది, స్పర్శ లేని కాలు కాబట్టి ఎవరికీ తెలియదు. పట్టీలు, మురుగులు కూడా ఇదే కారణంతో వద్దు.

ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుకకు చీర ఉయ్యాల వాడకండి. అందులో వెన్ను వంగి కుట్లు లాగుతాయి. గట్టి పరుపున్న ఉయ్యాలలో, సర్జన్ చెప్పిన భంగిమలో, పాట పాడినంతసేపు ఉంచి తీసేయండి.

తలలో నీరు

వెన్ను మూశాక అసలు కాపలా మొదలవుతుంది. ఈ బిడ్డల్లో ఎక్కువమందికి తలలో నీరు చేరుతుంది. దాన్ని పొట్టలోకి దించడానికి చర్మం కిందుగా ఒక సన్నని గొట్టం వేస్తారు. దాని పేరు షంట్. గుండెకు వేసే స్టెంట్ వేరు, ఇది వేరు. ఫోన్లో డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ రెండు మాటలూ కలిసిపోతుంటాయి, కాబట్టి "తలలో వేసిన షంట్" అని పూర్తిగా చెప్పండి. దానిలో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది. 1956లో ఫిలడెల్ఫియాలో ఈ రకం వాల్వును తయారుచేసిన జాన్ హోల్టర్ డాక్టరు కాదు. ఇదే లోపంతో పుట్టిన తన కొడుకు కోసం పనిచేసిన మెషిన్ మెకానిక్.

ప్రతి వారం ఒకే రోజున తల కొలవండి. సాగని టేపు తీసుకుని, ముందు కనుబొమ్మల పైనుంచి, వెనక తలలో బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టాలి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకెను రాసుకోవాలి. పుట్టినప్పుడు మామూలుగా 34, 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, తొలి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. వారంలోనే 1 సెంటీమీటరు దాటి పెరిగితే ఆ రోజే చూపించాలి. మాడు ఉబ్బడం, కనుగుడ్లు కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపించడం, ఆగని వాంతులు, సన్నగా కీచుమనే ఏడుపు, పాలకు కూడా లేవని మత్తు, షంట్ దారి వెంట ఎర్రదనం, జ్వరం ఇవన్నీ అత్యవసర లక్షణాలే. పాలు తాగుతూ పొలమారడం, గొంతులో ఈలలాంటి శబ్దం, ఊపిరి ఆగి ఆగి రావడం అంతకన్నా అత్యవసరం. మెదడు కింది భాగం నొక్కుకుపోతున్నప్పుడు ఇలా అవుతుంది.

ఎక్కువ బిడ్డలు ఆలస్యమైపోయేది ఇక్కడే. ఆగని ఏడుపును దిష్టి అంటారు, వాంతులను పక్షిదోషం అంటారు, మత్తును బాలారిష్టం అంటారు. దిష్టి తీయాలనిపిస్తే ఉప్పు మూడుసార్లు తిప్పి పడేయండి, దానికి రెండు నిమిషాలు చాలు. తగ్గుతుందేమోనని రాత్రంతా చూడకండి. ఆటో పిలిచాకే ఉప్పు చేతికి తీసుకోండి. మిరపకాయల పొగ, సాంబ్రాణి పొగ వద్దు. వాతలు పెట్టించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇంకో ప్రమాదం దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. షంట్ బాగా పనిచేస్తే బిడ్డ మామూలుగా కనిపిస్తుంది. "మొక్కు ఫలించింది, పూర్తిగా నయమైంది" అని పరీక్షలకు రావడం మానేస్తారు. దేవుడికి కృతజ్ఞత చెప్పండి, పరీక్షకూ రండి. షంట్ రెండో ఏట, ఐదో ఏట కూడా మూసుకుపోవచ్చు. స్వస్థత కూటమికి వెళ్ళినా, స్వామీజీ దగ్గరికి వెళ్ళినా, దర్గాకు వెళ్ళినా, మందులు ఆపమన్నవారి దగ్గర, కట్టు విప్పమన్నవారి దగ్గర, నోట్లో ఏదైనా పోయమన్నవారి దగ్గర ఆగకండి. దండం పెట్టి లేచి రండి.

పుట్టువెంట్రుకలు, కోనేరు, ఎండ

వాల్వు సాధారణంగా చెవి వెనక, చర్మం కింద గుబ్బలా చేతికి తగులుతుంది. అక్కడ కత్తి గాటు పడి క్రిమి చేరితే షంట్ మొత్తం తీసి మళ్ళీ వేయాల్సి వస్తుంది. కాబట్టి కుట్లు పూర్తిగా మాని, సర్జన్ సరే అన్నాకే గుండు. మన ఆచారంలోనే దారి ఉంది. బేసి నెలలో కుదరకపోతే మూడో ఏడు, ఐదో ఏడు అని పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా క్షురకుడి వేలు పట్టుకుని గుబ్బ ఎక్కడుందో, గొట్టం మెడ మీదుగా ఎటు దిగిందో ముందే చూపించండి. కొత్త బ్లేడు ఉండాలి. గుబ్బ చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మేర ట్రిమ్మరుతో మాత్రమే తీయించండి. అదీ భయమనిపిస్తే మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకోండి. ఏడో రోజు తల గీయించి అఖీఖా చేసేవారు పద్నాలుగో రోజుకో ఇరవై ఒకటో రోజుకో మార్చుకోవచ్చేమో ఇమాంగారిని అడగండి. మగబిడ్డకు సున్తీ మాత్రం మూత్ర వైద్యుడిని అడగకుండా చేయించొద్దు.

వేములవాడ ధర్మగుండమైనా, నెల్లూరు రొట్టెల పండుగప్పుడు స్వర్ణాల చెరువైనా బిడ్డను ముంచకండి. మీరు మునిగి, తడి చేత్తో బిడ్డ నుదురు తాకండి. ఎండాకాలం గుడి రాతిబండల మీద బిడ్డ కాలు మోపనివ్వకండి. నడిచే వయసొచ్చాక లోపల తొడగడానికి మందపాటి కొత్త మేజోళ్ళు విడిగా పెట్టుకోండి. హారతి పళ్ళెం కాళ్ళకు దూరంగా ఉండాలి.

ఇంట్లో కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే బామ్మలకు కూడా ఈ సంగతి చెప్పాలి. నీళ్ళు 37 డిగ్రీలు దాటకూడదు. చేత్తో కాదు, మోచేత్తో చూడాలి. వెన్ను మీది ఆపరేషన్ మచ్చ మీద పైనుంచి ధార పోయకూడదు, కాళ్ళు లాగి నలుగు పెట్టకూడదు. కదలని కాళ్ళ ఎముకలు పెళుసుగా ఉంటాయి, విరిగినా నొప్పి తెలియదు.

మూత్రం

చాలామంది పట్టించుకోనిది ఇదే. డైపరు తడుస్తోంది కదా అనుకుంటారు. నిండి పొంగిన మూత్రాశయం నుంచి చుక్కలుగా కారడం వేరు, ఖాళీ కావడం వేరు. లోపల మిగిలిన మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. డాక్టరు గొట్టంతో తీయమంటే అది తాత్కాలికం అనుకోకండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. మూత్రద్వారాన్ని ముందునుంచి వెనక్కి నీళ్ళతో తుడవండి. లేటెక్స్ లేని 5 లేదా 6 నంబరు గొట్టానికి నీటితో చేసిన జెల్లీ రాసి, మూత్రం కనిపించేదాకా మెల్లగా తోసి, అక్కడినుంచి ఇంకో సెంటీమీటరు లోపలికి పంపండి. అడ్డం తగిలితే బలవంతం చేయొద్దు, కాసేపాగి మళ్ళీ చూడండి. ధార ఆగాక పొత్తికడుపు మీద మెల్లగా చెయ్యి వేసి, గొట్టాన్ని నెమ్మదిగా తీయండి. పగలు 3, 4 గంటలకోసారి చేయాలి. తిరుమల క్యూలో ఉన్నా అంతే. అందుకే దర్శనం సంచిలో ప్రసాదం డబ్బా కన్నా ముందు నాలుగు గొట్టాలు, సబ్బు, జెల్లీ, నీళ్ళ సీసా సర్దండి. మూత్రం మడ్డిగా ఉండి జ్వరం కూడా వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మొక్కు దేనికి మొక్కాలి

"నడిస్తే కొండకు నడిచొస్తాం" అని మొక్కకండి. ఆపరేషన్ తిత్తిని మూస్తుంది, ఉన్న నరాలను కాపాడుతుంది, పోయిన నరాలను తిరిగి తేదు. లోపం ఎంత కిందికి ఉంటే నడక ఆశ అంత ఎక్కువ. చాలామందికి కాళ్ళకు ఊతమిచ్చే కాలిపర్స్ కావాలి, కొందరికి చక్రాల కుర్చీ. నడకకు ముడిపెట్టిన మొక్కు ఏటా తీరని అప్పులా ఆ బిడ్డ ముందే నిలబడుతుంది. గాయం మానితే, ఇంటికి చేరితే, ఏడాది నిండితే అని మొక్కుకోండి. తల్లి ఉపవాసం మొక్కితే దాన్ని పాలిచ్చే రోజులు దాటాకే పెట్టుకోవాలి.

గ్రహణం మాట కూడా తేల్చుకోవాలి. పిండంలో వెన్నుపాముగా మారే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపు. గర్భం వచ్చిందని చాలామందికి తెలిసేసరికే ఆ పని అయిపోతుంది. ఐదో నెల గ్రహణంలో తల్లి కత్తి పట్టుకున్నందుకు, కూర తరిగినందుకు ఇది రాదు. ఈ మాటను అత్తగారింట్లో డాక్టరు నోటితోనే చెప్పించండి.

మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందే మొదలవ్వాలి. 1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి (ఎంఆర్‌సీ) పరిశోధనలో, ముందు కాన్పులో ఈ లోపం వచ్చిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. మన దగ్గర దొరికే మాత్ర 5 మిల్లీగ్రాములది. డాక్టర్లు ఎక్కువగా అదే రాస్తారు, గర్భానికి మూడు నెలల ముందు నుంచి 12 వారాలు నిండేదాకా. తల్లి ఫిట్స్‌కు వాల్ప్రోయేట్ వాడుతుంటే తనంతట తాను మానకుండా, గర్భం కోసం ప్రయత్నించకముందే మందు మార్చే విషయం డాక్టరుతో మాట్లాడాలి. కడుపులో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య తీయించి, ముందు కాన్పు సంగతి స్కాన్ చేసేవారికి మొదటే చెప్పండి.