ఈజియర్ టు రీడ్ అనాలా, ఈజియర్ టు రీడ్ ఇట్ అనాలా: కంపేరిటివ్ పక్కన "టు" పెట్టే పద్ధతి

"మాట్లాడటం కంటే రాయడం తేలిక" అనే చిన్న మాటని ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది "రైటింగ్ ఈజ్ ఈజీ దాన్ స్పీకింగ్" అనేస్తారు. గ్రామర్ రూల్ తెలియక కాదు, చిన్నప్పుడు ఈజీ, ఈజియర్, ఈజియెస్ట్ అని అందరం బట్టీ పట్టినవాళ్ళమే, అయినా మాట్లాడేటప్పుడు ఆ "యర్", అంటే పోలిక చెప్పే కంపేరిటివ్ రూపం, జారిపోతుంది. ఎందుకంటే తెలుగులో "తేలిక" అనే మాట పోలికలో ఉన్నా విడిగా ఉన్నా ఒకేలా ఉంటుంది, పోలిక పనంతా "కంటే" ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లీషులో "దాన్" పెట్టినా సరే అడ్జెక్టివ్ కూడా మారాల్సిందే, పోలిక గుర్తు రెండు చోట్లా కనపడాలి. నా లెక్కలో ఈ టాపిక్‌లో మనవాళ్ళు చేసే తప్పుల్లో చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి, కాబట్టి ముందు ఇది పట్టుకోండి.

ఇన్ఫినిటివ్ అంటే "టు" తర్వాత వెర్బ్ మొదటి రూపం, అంతే. టు రైట్, టు గో, టు వెయిట్. తెలుగులో రాయడం, రాయడానికి అని రెండు రకాలుగా అనేది ఇంగ్లీషులో చాలాసార్లు ఈ ఒక్క "టు రైట్"లోకే వచ్చేస్తుంది.

ఇప్పుడు వాక్యం కట్టడం ఎలా అంటే, తెలుగు వాక్యాన్ని తోక నుంచి తల వైపు చదవండి. "మాట్లాడటం కంటే రాయడం తేలిక"ని వెనక నుంచి చదివితే తేలిక, రాయడం, కంటే, మాట్లాడటం అని వస్తుంది కదా, ఇంగ్లీషు వరస సరిగ్గా అదే, ముందు "ఇట్ ఈజ్" తగిలిస్తే చాలు: "ఇట్ ఈజ్ ఈజియర్ టు రైట్ దాన్ టు స్పీక్." ఇంకోటి చూడండి, "ఊహించుకోవడం కంటే అడగడం మంచిది", దీన్ని తిప్పితే "ఇట్ ఈజ్ బెటర్ టు ఆస్క్ దాన్ టు గెస్." రెండో "టు" వదిలేసి "దాన్ గెస్" అన్నా తప్పు లేదు, మాటల్లో చాలామంది వదిలేస్తారు కూడా. కానీ ఒక వైపు "టు రైట్" పెట్టి ఇంకో వైపు "స్పీకింగ్" పెట్టకండి, వినడానికి కుంటుతున్నట్టు ఉంటుంది. ఐఎన్‌జీ కావాలంటే రెండు వైపులా ఐఎన్‌జీనే పెట్టండి, "రైటింగ్ ఈజ్ ఈజియర్ దాన్ స్పీకింగ్" అని, అది కూడా శుభ్రమైన వాక్యమే.

ఎవరికి తేలిక అనేది చెప్పాలంటే "ఫర్" కావాలి. మన "నాకు"ని చూసి "టు మి" అనబుద్ధేస్తుంది, కానీ ఇక్కడ "ఇట్ ఈజ్ ఈజియర్ ఫర్ మి టు రైట్" అనే అనాలి. కొంతమంది "ఐ యామ్ ఈజియర్ టు రైట్" అంటారు, అది వేరే దారిలోకి పోతుంది, ఎందుకో ఇప్పుడు చూద్దాం, అసలు మజా అంతా ఇక్కడే ఉంది.

"ఈ పుస్తకం దానికంటే చదవడానికి తేలిక" అనుకోండి. "దిస్ బుక్ ఈజ్ ఈజియర్ టు రీడ్ దాన్ దట్ వన్." ఇక్కడ చదివేది పుస్తకం కాదు, మనం. పుస్తకం చదవబడేది. అంటే "రీడ్" తర్వాత రావాల్సిన వస్తువు ముందుకొచ్చి కూర్చుంది, దాని పాత సీటు ఖాళీగా ఉంది, ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయాలి. "ఈజియర్ టు రీడ్ ఇట్" అంటే ఒకే పుస్తకాన్ని రెండుసార్లు చెప్పినట్టు. అలాగే చదవబడేది కదా అని "ఈజియర్ టు బి రెడ్" అని పాసివ్ చేయకండి, అర్థంలోనే ఆ సంగతి ఉంది, ఇంకోసారి అక్కర్లేదు. హార్డర్, చీపర్, సేఫర్, సింప్లర్, మోర్ డిఫికల్ట్, మోర్ ప్లెజెంట్, ఇవన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఇప్పుడు "ఐ యామ్ ఈజియర్ టు రైట్" ఎందుకు కుదరదో తెలిసింది కదా, రాసేది నేను అనే అర్థం అందులో రాదు, నన్నే ఎవరో రాస్తున్నట్టు అవుతుంది.

ఆ ఖాళీ సీటు పక్కన ఆన్, విత్ లాంటి చిన్న ప్రిపొజిషన్ ఉంటే దాన్ని మాత్రం పారేయకూడదు. "ఈ కుర్చీ కూర్చోడానికి ఇంకా హాయిగా ఉంది" అనేది "దిస్ చెయిర్ ఈజ్ మోర్ కంఫర్టబుల్ టు సిట్ ఆన్." చివర "ఆన్" వేలాడుతున్నట్టు అనిపించి మనం తీసేస్తాం, తెలుగులో అలాంటిది ఉండదు కాబట్టి. ఉండాలో లేదో తేల్చుకోవడానికి వస్తువుని మళ్ళీ వెర్బ్ తర్వాత పెట్టి చూడండి. "సిట్ దిస్ చెయిర్" అనం, "సిట్ ఆన్ దిస్ చెయిర్" అంటాం, కాబట్టి "ఆన్" ఉండాలి. "రీడ్ దిస్ బుక్" అంటాం, మధ్యలో ఏమీ లేదు, కాబట్టి అక్కడ ఏమీ రాదు. ఇదే లెక్కలో "షి ఈజ్ ఈజియర్ టు టాక్ టు", "హి ఈజ్ హార్డర్ టు వర్క్ విత్". "టాక్ టు"లో చివరి "టు" తప్పు కాదు, అది లేకపోతేనే తప్పు.

ఇంకో గుంపు ఉంది, చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, లోపల పూర్తిగా వేరు. "జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్", "జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్" అనే జంట వాక్యాలు భాషాశాస్త్రంలో చాలా పేరున్నవి, 1960ల్లో నోమ్ చామ్‌స్కీ అనే భాషాశాస్త్రవేత్త చర్చించిన ఉదాహరణలు. మొదటిదాంట్లో జాన్‌ని ఎవరైనా తేలిగ్గా సంతోషపెట్టొచ్చు, రెండోదాంట్లో జానే వేరేవాళ్ళని సంతోషపెట్టాలని తహతహలాడుతున్నాడు. కంపేరిటివ్‌లో కూడా ఇదే తేడా, "ఈజియర్ టు ప్లీజ్" ఒకటి, "మోర్ ఈగర్ టు ప్లీజ్" ఇంకొకటి. అనుమానం వస్తే "ఇట్ ఈజ్"తో తిప్పి చూడండి: "ఇట్ ఈజ్ ఈజియర్ టు ప్లీజ్ జాన్" కుదురుతుంది, "ఇట్ ఈజ్ మోర్ ఈగర్ టు ప్లీజ్ జాన్" అంటే జాన్ సంగతి పోయి ఆ "ఇట్" ఏంటో తెలియకుండా పోతుంది. మోర్ విల్లింగ్ కూడా ఈగర్ లాంటిదే. రోజూ పనికొచ్చే "మోర్ లైక్లీ టు"లో కూడా ఆ పని చేసేది సబ్జెక్టే, "షి ఈజ్ మోర్ లైక్లీ టు కమ్ దాన్ హి ఈజ్" అంటే అతనికంటే ఆమె వచ్చే అవకాశం ఎక్కువ అని.

"కాదు" అని చెప్పేటప్పుడు చాలా జాగ్రత్త. "వెళ్ళకపోవడం మంచిది" అంటే "ఇట్ ఈజ్ బెటర్ నాట్ టు గో." ఆ "నాట్"ని "ఈజ్" పక్కకి జరిపి "ఇట్ ఈజ్ నాట్ బెటర్ టు గో" అంటే వెళ్ళడం అంత మెరుగేమీ కాదు అని వేరే అర్థం వస్తుంది, మీరు వద్దని చెప్తున్నట్టు అవతలివాళ్ళకి తెలియదు. ఎవరికైనా సలహా ఇస్తూ మెయిల్ రాసేటప్పుడు ఈ ఒక్క మాట చోటు రెండుసార్లు చూసుకోండి.

అన్ని చోట్లా కంపేరిటివ్ అతకదు కూడా. "పైన అరని అందుకునేంత పొడుగున్నాడు" అనడానికి "టాలర్ టు రీచ్" అని వింటుంటాను, అలా రాదు, "టాల్ ఇనఫ్ టు రీచ్ ద షెల్ఫ్" అనాలి. తెలుగు మాటలోనే దారి ఉంది, "గలిగేంత" అన్న అర్థం ఉంటే "ఇనఫ్ టు", "లేనంత" అన్న అర్థం ఉంటే "టూ హెవీ టు లిఫ్ట్" లాగా "టూ". "ఎత్తలేనంత బరువు"లో రెండు వస్తువుల మధ్య పోలికే లేదు కదా, మరి కంపేరిటివ్‌కి పనేముంది.

రూపాల గురించి ఎక్కువ చెప్పను. చిన్న మాటలకి "యర్", పొడుగు మాటలకి "మోర్", గుడ్‌కి బెటర్, బ్యాడ్‌కి వర్స్, "మోర్ ఈజియర్" మాత్రం ఎప్పుడూ వద్దు. "ఇట్ ఈజ్ మోర్ ఈజిలీ టు రీడ్" కూడా వద్దు, "ఈజ్" తర్వాత అడ్జెక్టివ్ రావాలి.

"బెటర్" ఉందని ప్రతిచోటా "టు" పెట్టేయకండి, "హాడ్ బెటర్" తర్వాత "టు" రాదు. "యు హాడ్ బెటర్ గో", వద్దనాలంటే "యు హాడ్ బెటర్ నాట్ గో". ఇందులో కాస్త హెచ్చరిక ఉంటుంది, వెళ్ళకపోతే బాగుండదు అన్నట్టు, అందుకే పెద్దవాళ్ళతో, ఆఫీసులో పైవాళ్ళతో "ఇట్ మైట్ బి బెటర్ టు గో" అంటే మర్యాదగా ఉంటుంది. అలాగే "షి నోస్ బెటర్ దాన్ టు ట్రస్ట్ హిమ్" అని విన్నారంటే పదం పదం విడగొట్టకండి, అతన్ని నమ్మేంత అమాయకురాలు కాదు అని దాని అర్థం, అక్కడ "దాన్" తర్వాత "టు" ఉండాల్సిందే.

మధ్యలో నౌన్ వచ్చినా పద్ధతి మారదు, "యాన్ ఈజియర్ బుక్ టు రీడ్", "ఎ సేఫర్ రోడ్ టు డ్రైవ్ ఆన్", ఇక్కడ కూడా అదే ఖాళీ సీటు, అదే "ఆన్".